పాల్ ఓట్లే

పాల్ మారీ గిస్లెన్ ఓట్లే (ఆగష్టు 23, 1868 - డిసెంబరు 10, 1944) బెల్జియం దేశానికి చెందిన న్యాయవాది, గ్రంథసూచికారుడు, శాంతివాది. ప్రపంచంలో అచ్చయిన ప్రతి రచన దేనిని గురించినదో, ఎక్కడ దొరుకుతుందో తెలిపే చీటీలను ఒకచోట చేర్చి, విషయక్రమంలో అమర్చి, అడిగిన వారందరికీ అందించాలనే సంకల్పంతో ఇతడు జీవితమంతా శ్రమించాడు. నేడు అంతర్జాలంలో నచ్చిన పేజీ చిరునామాను బ్రౌజరులో (విహరిణిలో) బుక్‌మార్కుగా దాచుకొని, ఫోల్డర్లుగా సర్దుకోవడం అందరికీ అలవాటైన పని. కాగితపు చీటీలు, చెక్క సొరుగులు తప్ప మరేమీ లేని కాలంలో ఇతడు ఇదే పనికి యావత్ప్రపంచం కొరకు పూనుకున్నాడు. హెన్రీ లా ఫాంటేన్‌తో కలిసి ఇతడు రూపొందించిన సార్వత్రిక దశాంశ వర్గీకరణ (యు.డి.సి.) అనేక దేశాల గ్రంథాలయాలలో వాడుకలోకి వచ్చింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఓట్లే బ్రస్సెల్స్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఎడ్వార్ ఓట్లే పలు దేశాలలో ట్రాము మార్గాల వ్యాపారం చేసి ధనం గడించాడు. తల్లి మరియా వాన్ మోన్స్ 1871లో, ఇరవై నాలుగేళ్ళ వయసులోనే మరణించింది. బడి గదులు పిల్లల బుద్ధిని అణచివేస్తాయని తండ్రి నమ్మకం. అందువలన కొడుకును పదకొండవ ఏడు వచ్చే వరకు బడికి పంపక, ఇంటివద్దనే ఉపాధ్యాయులను నియమించి చదువు చెప్పించాడు. తమ్ముడు మారిస్ తప్ప ఆటలకు తోడు లేని ఆ బాలునికి పుస్తకాలే నేస్తాలయ్యాయి. కుటుంబం పారిస్‌కు తరలివెళ్ళిన తరువాత అక్కడి జెసూట్ పాఠశాలలోను, ఆపై బ్రస్సెల్స్‌లోని సెయింట్ మిషెల్ కళాశాలలోను చదువుకున్నాడు. కుటుంబానికి మధ్యధరా సముద్రంలోని లెవాంత్ ద్వీపంలో ఆస్తి ఉండేది. ఆ ద్వీపాన్ని గురించి 1882లో, పదునాలుగేళ్ళ ప్రాయంలో ఇతడు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. చిన్ననాటనే దినచర్య రాయడం, కాగితాలను జాగ్రత్తగా భద్రపరచడం ఇతనికి అలవాటైంది.

లూవెన్, బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయాలలో న్యాయశాస్త్రం చదివి 1890 జూలైలో పట్టా పుచ్చుకున్నాడు. అదే సంవత్సరం డిసెంబరులో ఫెర్నాండ్ గ్లోనర్‌ను వివాహమాడాడు. వీరికి మార్సెల్, ఝాన్ అని ఇద్దరు కుమారులు. ఈ వివాహం 1908లో విడాకులతో ముగిసింది. 1912లో హాలెండు దేశస్థురాలైన కాటో వాన్ నెడర్‌హాసెల్ట్‌ను పునర్వివాహం చేసుకున్నాడు.

న్యాయవాద వృత్తి, తొలి రచనలు

ఓట్లే ఆనాటి ప్రసిద్ధ న్యాయవాది ఎడ్మండ్ పికార్ వద్ద సహాయకునిగా చేరాడు. వకీలు పని ఇతనికి రుచించలేదు. తీర్పుల సంపుటాలలో కావలసిన విషయాన్ని వెదికి పట్టుకోవడం మాత్రం ఇతనిని ఆకట్టుకుంది. 1892లో గ్రంథసూచుల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. పుస్తకంలో విషయాలు రచయిత ఇష్టప్రకారం వరుస కడతాయని, పాఠకునికి కావలసిన వరుస వేరని అందులో వాదించాడు. ఒక్కొక్క విషయాన్ని విడదీసి ఒక్కొక్క చీటీ మీద రాసుకుంటే, ఆ చీటీలను ఎప్పుడు ఏ వరుసలో కావాలంటే ఆ వరుసలో పేర్చుకోవచ్చని ఇతని భావం. తరువాతి యాభై ఏళ్ళ కృషి అంతా ఈ చిన్న ఆలోచన నుండే పెరిగింది.

యౌవనంలోని రచనలన్నీ మెచ్చదగినవి కావు. 1888లో ఆఫ్రికాను గురించి రాసిన పుస్తికలో ఆనాటి వలసవాద దురభిప్రాయాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇదే మనిషి 1921లో రెండవ పాన్-ఆఫ్రికన్ మహాసభ బ్రస్సెల్స్ సమావేశాలకు తన సంస్థలో చోటు కల్పించాడు.

లా ఫాంటేన్‌తో స్నేహం

1891 ప్రాంతంలో ఓట్లేకు హెన్రీ లా ఫాంటేన్‌ (1854-1943)తో పరిచయం కలిగింది. ఇతనికంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడైన లా ఫాంటేన్ కూడా న్యాయవాదే. సోషలిస్టు పక్షాన బెల్జియం సెనేటు సభ్యుడైనాడు. అంతర్జాతీయ శాంతి కోసం చేసిన కృషికి 1913లో నోబెల్ శాంతి బహుమతి పొందాడు. ఇద్దరూ కలిసి సాంఘిక శాస్త్రాల రచనలకు సూచి తయారుచేసే పనితో మొదలుపెట్టి, త్వరలోనే అన్ని శాస్త్రాలకు విస్తరించాలని నిశ్చయించుకున్నారు. లా ఫాంటేన్ సోదరి లియోనీ కూడా ఈ పనిలో పాలుపంచుకుంది. స్త్రీల హక్కుల ఉద్యమంలో ఆమె ప్రముఖురాలు.

1895లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ గ్రంథసూచి సదస్సు దరిమిలా అంతర్జాతీయ గ్రంథసూచి సంస్థ ఏర్పడింది. పలుమార్లు పేరు మార్చుకున్న ఈ సంస్థ చివరకు అంతర్జాతీయ డాక్యుమెంటేషన్ సమాఖ్యగా 2002 వరకు కొనసాగింది.

చీటీల భాండాగారం

ఈ సంస్థ చేపట్టిన ప్రధాన కార్యం సార్వత్రిక గ్రంథసూచి. దీనికి మూలం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పు గల అట్ట చీటీ. ఒక రచనకు ఒక చీటీ. రచయిత పేరు, రచన పేరు, అచ్చయిన చోటు, సంవత్సరం, పత్రికా వ్యాసమైతే ఆ పత్రిక పేరు, సంచిక, పుట, వీటితో పాటు విషయాన్ని తెలిపే వర్గసంఖ్య అందులో ఉండేవి. పుస్తకం చీటీలో ఉండదు. పుస్తకం చిరునామా మాత్రమే ఉంటుంది. అప్పటికే అచ్చయిన కేటలాగులను కత్తిరించి, ఒక్కొక్క ముక్కను చీటీకి అంటించడం ద్వారా పని వేగంగా సాగింది. 1895 చివరికి నాలుగు లక్షల చీటీలు సమకూడాయి. 1927 నాటికి 1 కోటి 30 లక్షలు, 1934 నాటికి 1 కోటి 50 లక్షలు దాటాయి. కంప్యూటరు లేని కాలంలో చేతితో ఇంత పని జరిగిందంటే ఆశ్చర్యమే.

చీటీలను రెండు వరుసలలో అమర్చేవారు. ఒక వరుస రచయితల పేర్ల ప్రకారం, రెండవది విషయాల ప్రకారం. రచయిత పేరు తెలిసినవాడు మొదటి వరుసకు పోతాడు. విషయం తప్ప మరేమీ తెలియనివాడు రెండవ వరుసకు వెళ్తాడు. ఒకే రచన రెండు మూడు విషయాలకు చెందితే, చీటీకి నకళ్ళు తీసి ఆయా సొరుగులలో ఉంచేవారు. ఏ దారిన వచ్చినవాడూ వట్టి చేతులతో పోరాదన్నది ఓట్లే పట్టుదల.

1896లో ఉత్తరాల ద్వారా ప్రశ్నలకు జవాబులిచ్చే సేవను రుసుముపై ప్రారంభించారు. ఫలానా విషయంపై ఏమేమి రచనలు ఉన్నాయో తెలుపమని ఎవరైనా రాస్తే, ఆ సొరుగులోని చీటీలకు నకళ్ళు తీసి పంపేవారు. 1912 నాటికి ఏడాదికి 1,500కు పైగా ప్రశ్నలు వచ్చేవి. జవాబు యాభై చీటీలకు మించేలా ఉంటే ఆ సంగతిని ముందుగానే తెలియజేసేవారు. ఈ సేవను అంతర్జాలపు వెదుకులాట యంత్రాలకు పూర్వరూపంగా కొందరు పరిశోధకులు భావిస్తారు.

సూచి నకళ్ళను ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటిలో ఉంచాలని ఓట్లే ఆశించాడు. పారిస్, వాషింగ్టన్, రియో డి జనీరో నగరాలకు పంపే ప్రయత్నాలు జరిగాయి. కాని నకలు తీయడం, రవాణా చేయడం తలకు మించిన పనులు కావడంతో ఏ నగరానికీ కొన్ని లక్షల చీటీలకు మించి చేరలేదు. సంపూర్ణ ప్రతి బ్రస్సెల్స్‌లో ఒక్కటే మిగిలింది. ఈ లోపం ఎంత పెద్దదో తరువాత తెలిసివచ్చింది.

1907లో మొదలుపెట్టిన మరొక భాండాగారం గురించి కూడా చెప్పుకోవాలి. పుస్తకాలలో చేరని కరపత్రాలు, వార్తాపత్రికల కత్తిరింపులు, నివేదికలు, లేఖలను విషయాల వారీగా ఫైళ్ళలో భద్రపరచే ఏర్పాటు ఇది. సూచి చిరునామాను మాత్రమే చెబుతుంది. ఫైలు అసలు కాగితాన్నే దాచి ఉంచుతుంది. ఇలాంటి ఫైళ్ళు క్రమంగా లక్ష వరకు పెరిగాయి. వీటికి తోడు లక్షలాది చిత్రాలు, గోడపత్రికలు, ఛాయాచిత్రాలు చేరాయి.

సార్వత్రిక దశాంశ వర్గీకరణ

లక్షల చీటీలు పోగైనంత మాత్రాన చాలదు, వాటికి క్రమం కావాలి. అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణ 1895లో ఈ మిత్రుల దృష్టికి వచ్చింది. విజ్ఞానాన్నంతటినీ పది వర్గాలుగా, ఒక్కొక్కటి మళ్ళీ పది ఉపవర్గాలుగా విభజించి అంకెలతో సూచించడం దాని పద్ధతి. అంకెలు అన్ని భాషల వారికీ సమానం కనుక ఓట్లేకు అది మిక్కిలి నచ్చింది. డ్యూయీకి లేఖ రాసి, అనువదించి విస్తరించుకొనేందుకు అనుమతి పొందారు. విస్తరించిన వర్గీకరణ 1904-1907 మధ్య ఫ్రెంచి భాషలో వెలువడింది.

డ్యూయీ పద్ధతి అలమారాలో పుస్తకానికి ఒక చోటు చూపడానికి ఏర్పడింది. పుస్తకం ఒక చోటనే ఉండగలదు. చీటీకి ఆ నిర్బంధం లేదు. అందువలన ఓట్లే, లా ఫాంటేన్‌లు అంకెల మధ్య గుర్తులను ప్రవేశపెట్టి, రెండు విషయాలను కలిపే వీలు కల్పించారు. ఉదాహరణకు 63 వ్యవసాయం, 31 గణాంకశాస్త్రం. రెంటి మధ్య కోలన్ గుర్తు పెట్టి 63:31 అని రాస్తే వ్యవసాయ గణాంకాలు. దీనినే తిప్పి 31:63 అని మరొక చీటీ రాస్తే, గణాంకాల సొరుగులో వెదికేవానికి కూడా అది దొరుకుతుంది. దేశాన్ని కుండలీకరణాలలో చూపుతారు, భారతదేశానికి (540). కాలాన్ని ఉల్లేఖన చిహ్నాల మధ్య, భాషను సమాన చిహ్నంతో తెలుపుతారు. ఈ విధంగా భారతదేశంలో 19వ శతాబ్దపు వ్యవసాయ గణాంకాలనే విషయం మొత్తం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది.

లోపాలు లేకపోలేదు. డ్యూయీ నుండి సంక్రమించిన మతాల వర్గంలో క్రైస్తవానికి పెద్దపీట వేసి, హిందూ, బౌద్ధ, ఇస్లాం మతాలన్నిటినీ 29 అనే ఒక్క ఉపవర్గంలో ఇరికించారు. ఇది మన దేశపు పాఠకులకు ఇబ్బంది కలిగించే అంశం. 2000లో ఆ వర్గాన్ని పూర్తిగా సవరించారు.

భారతదేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణను ప్రచురించాడు. విషయాన్ని అంశాలుగా విడదీసి, గుర్తులతో మళ్ళీ కూర్చే పద్ధతిని ఆయన ఓట్లే కంటే చాలా దూరం తీసుకువెళ్ళాడు. ఓట్లే సంస్థకు వారసురాలైన సమాఖ్య వర్గీకరణ చర్చలలో రంగనాథన్ చురుకైన పాత్ర వహించాడు.

మొదటి ప్రపంచ యుద్ధం

1907లో ఓట్లే, లా ఫాంటేన్‌లు నెలకొల్పిన కేంద్ర కార్యాలయం 1910లో అంతర్జాతీయ సంఘాల సమాఖ్యగా రూపొందింది. దేశాల మధ్య విజ్ఞానం పంచుకుంటే వైరం తగ్గుతుందని వీరి విశ్వాసం. ధనం మాత్రం ఎప్పుడూ చాలేది కాదు. లా ఫాంటేన్ తన నోబెల్ బహుమతి సొమ్మును ఈ పనులకే వెచ్చించాడు. 1914 ఆరంభంలో ఓట్లే సహాయం కోరుతూ అమెరికా వెళ్ళివచ్చాడు. ఇంతలో యుద్ధం వచ్చిపడింది. జర్మనీ సేనలు బెల్జియంను ఆక్రమించాయి. కుమారులిద్దరూ సైన్యంలో చేరగా, చిన్నవాడు ఝాన్ 1914లో యీజర్ నదీతీర యుద్ధంలో మరణించాడు. ఓట్లే యుద్ధకాలంలో ఎక్కువ భాగం పారిస్‌లోను, స్విట్జర్లాండ్‌లోను గడిపాడు. పుత్రశోకంలోనే నానాజాతి సమితి వంటి సంస్థ ఆవశ్యకతను గురించి విస్తారంగా రాశాడు.

ముండానియం

యుద్ధానంతరం 1919లో బెల్జియం ప్రభుత్వం బ్రస్సెల్స్‌లోని సింకాంత్‌నేర్ భవనంలో ఒక పార్శ్వాన్ని ఓట్లే సంస్థలకు కేటాయించింది. నానాజాతి సమితి ప్రధాన కార్యాలయాన్ని బ్రస్సెల్స్‌కు రప్పించుకోవాలనే ఆశ ప్రభుత్వానికి ఉండేది. అది జెనీవాకు దక్కడంతో ప్రభుత్వ ఉత్సాహం క్రమంగా సన్నగిల్లింది. ప్రపంచ సౌధంగా పేరుపొందిన ఈ సంస్థలో చీటీల సూచి, ఫైళ్ళు, గ్రంథాలయం, ప్రదర్శనశాల ఉండేవి. 1924లో ఒక రబ్బరు వాణిజ్య ప్రదర్శన కోసం భవనాన్ని ఖాళీ చేయించారు. సామగ్రినంతటినీ హడావిడిగా తరలించి, మళ్ళీ సర్దుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరంలోనే సంస్థకు ముండానియం అన్న పేరు పెట్టాడు.

చేతిలో ఉన్న గదులే నిలకడగా లేనప్పుడు ఇతడు ఏకంగా విజ్ఞాన నగరాన్ని ఊహించడం విశేషం. 1928-29లో ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బుజియే జెనీవాలో కట్టదలచిన ముండానియానికి నమూనాలు గీశాడు. చండీగఢ్ నగర నిర్మాణం ద్వారా మనకు సుపరిచితుడైన లె కార్బుజియే ఇతడే. ఆ నగరం కాగితం దాటి రాలేదు. ఉన్న పనికి నిధులు చాలనప్పుడల్లా ఓట్లే మరింత పెద్ద పథకం వేసేవాడు. మద్దతుదారులు కొందరు దూరం కావడానికి ఈ స్వభావం కూడా కారణమని చెప్పవచ్చు.

1934లో ప్రభుత్వం సహాయం నిలిపివేసి కార్యాలయాన్ని మూసివేసింది. కోటిన్నర చీటీలు తాళం వెనుక ఉండిపోయాయి. అరవై ఆరేళ్ళ ఓట్లే ఆ తలుపుల ముందు కూర్చుని నిరసన తెలిపాడు. ఫలితం లేకపోయింది.

తెరపై పుస్తకం

1906లోనే రాబర్ట్ గోల్డ్‌ష్మిట్‌తో కలిసి, పుస్తకపు పుటలను సూక్ష్మ ఛాయాచిత్రాలుగా మార్చి చిన్న ఫిల్ములో ఇమిడ్చే పద్ధతిని ఓట్లే ప్రతిపాదించాడు. కార్యాలయానికి తాళం పడిన 1934లోనే ఇతని ప్రధాన రచన వెలువడింది. డాక్యుమెంటేషన్ శాస్త్రంపై రాసిన ఆ బృహద్గ్రంథంలో భావికాలపు పాఠకుని బల్లను వర్ణించాడు. దానిమీద పుస్తకాలు ఉండవు. ఒక తెర, ఒక టెలిఫోను ఉంటాయి. పుస్తకాలన్నీ దూరాన ఒక మహాభవనంలో ఉంటాయి. పాఠకుడు టెలిఫోనులో అడిగిన పుట ఈ తెర మీద ప్రత్యక్షమవుతుంది. 1935లో వెలువడిన మరొక గ్రంథంలో ఈ ఊహను ఇంకా విస్తరించాడు.

అమెరికాకు చెందిన వానెవర్ బుష్ మెమెక్స్ అనే ఊహాయంత్రాన్ని వర్ణించింది 1945లో. చదివిన పుటలను కలుపుతూ సొంత దారులను గుర్తుపెట్టుకోవడం మెమెక్స్ ప్రత్యేకత. బుష్‌ది ఒక పరిశోధకుని సొంత బల్ల. ఓట్లేది లోకానికంతటికీ ఉమ్మడి బల్ల.

బుక్‌మార్కులతో పోలిక

1993లో విడుదలైన మొజాయిక్ బ్రౌజరులో చూసిన పేజీల చిరునామాలను దాచుకునే హాట్‌లిస్టు ఉండేది. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ దీనినే బుక్‌మార్కు అన్నది. మైక్రోసాఫ్ట్ వారి బ్రౌజరు ఫేవరెట్లు అన్నది. పేరు ఏదైనా దాచేది పేజీ శీర్షిక, చిరునామా మాత్రమే; ఓట్లే చీటీలో ఉన్నవీ అవే. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోవడం దశాంశ విభజన వంటిదే. దానిలో చిక్కు కూడా అదే. వ్యవసాయ గణాంకాల పేజీని వ్యవసాయం ఫోల్డరులో వేయాలా, గణాంకాల ఫోల్డరులో వేయాలా? రెంటిలోనూ నకలు పెట్టుకోవడం ఓట్లే చూపిన దారి. 2003లో మొదలైన డెలీషియస్ వంటి సేవలు ఫోల్డర్లకు బదులు, ఒకే పేజీకి ఎన్ని పేర్లయినా తగిలించే ట్యాగుల పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చాయి. దీనిలో సౌలభ్యం ఉంది, కాని ఒకరు వంట అనీ, మరొకరు వంటలు అనీ పేరు పెడితే ఒకే రకపు పేజీలు రెండు కుప్పలవుతాయి. అందరూ అంగీకరించిన అంకెలు ఉండాలని ఓట్లే పట్టుబట్టింది ఈ బాధ తప్పించడానికే.

అచ్చుపుస్తకం ప్రతులు పలు గ్రంథాలయాలలో ఉంటాయి కనుక ఓట్లే చీటీలోని ఆనవాలు ఎన్నేళ్ళయినా పనికివస్తుంది. వెబ్ పేజీ చోటు మారినా, తొలగించబడినా బుక్‌మార్కు ఒట్టి గుర్తుగా మిగులుతుంది. పేజీ నకలును సొంత కంప్యూటరులో భద్రపరచుకునేవారు చేసేది ఓట్లే కత్తిరింపుల ఫైళ్ళ పని. నకళ్ళు లేని భాండాగారం ఒకరి చేతిలోనే ఉండడం వలన కలిగే కష్టం కూడా తిరిగి కనిపించింది. లక్షలాది పాఠకులు తమ గుర్తులను దాచుకున్న డెలీషియస్ పలువురి చేతులు మారి, 2017లో కొత్త గుర్తులు చేర్చే వీలు లేకుండా ఆగిపోయింది.

ఓట్లేను వెబ్‌కు పితామహునిగా కీర్తించడం అతిశయోక్తే. ఇతని వ్యవస్థలో ప్రతి చీటీకి వర్గం నిర్ణయించేది కేంద్ర కార్యాలయం. వెబ్‌లో అలాంటి కేంద్రం లేదు.

చివరి రోజులు

1940లో జర్మనీ మళ్ళీ బెల్జియంను ఆక్రమించింది. నాజీ ప్రభుత్వ కళాప్రదర్శన కొరకు ఆక్రమణదారులు సింకాంత్‌నేర్ గదులను స్వాధీనం చేసుకున్నారు. భాండాగారంలో చాలా భాగం ధ్వంసమైంది. మిగిలిన చీటీలను, కాగితాలను ఓట్లే, సహచరులు లియోపోల్డ్ పార్కులోని ఒక శిథిల భవనానికి చేరవేసుకున్నారు. అక్కడే, వయసు మళ్ళినా, ఓట్లే నమూనాలు గీస్తూ, కాగితాలు సర్దుతూ కాలం గడిపాడు. 1943లో లా ఫాంటేన్ కన్నుమూశాడు. బ్రస్సెల్స్ నగరానికి విముక్తి లభించిన కొద్ది నెలలకు, 1944 డిసెంబరు 10న ఓట్లే మరణించాడు.

మరణానంతరం

తరువాతి రెండు దశాబ్దాలలో ఇతని పేరు దాదాపు మరుగున పడింది. 1968లో ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకుడు డబ్ల్యు. బాయిడ్ రేవర్డ్ లియోపోల్డ్ పార్కు భవనానికి వెళ్ళగా, ఓట్లే గది దుమ్ముతో, సాలెగూళ్ళతో, కాగితాల గుట్టలతో అలాగే ఉంది. ఆ కాగితాల ఆధారంగా ఆయన రాసిన జీవితచరిత్ర 1975లో వెలువడింది. 2002లో ఫ్రాన్సువాజ్ లెవీ ఇతనిపై డాక్యుమెంటరీ చిత్రం తీసింది. అమెరికా రచయిత అలెక్స్ రైట్ 2014లో మరొక జీవితచరిత్ర ప్రచురించాడు.

1972లో చీటీలు మళ్ళీ ఇల్లు మారాయి. 1993లో మిగిలిన భాండాగారాన్ని బెల్జియంలోని మోన్స్ పట్టణానికి తరలించారు. అక్కడ పూర్వం పెద్ద దుకాణంగా ఉన్న భవనంలో 1998లో ముండానియం ప్రదర్శనశాలగా తెరుచుకుంది. సార్వత్రిక గ్రంథసూచిని 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. చెక్క సొరుగుల వరుసలు ఆ ప్రదర్శనశాలలో గోడల పొడవునా అమర్చి ఉన్నాయి.